సెలిగ్‌మన్, రూట్ 66: టూర్ బస్సు ఆపినంతసేపు చాలా, లేక రోజంతా పెట్టాలా?

ఫ్రీమాంట్_వాణి
అక్టోబర్ మధ్యలో వేగస్ నుంచి గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్‌కి వెళ్తున్నాం. అత్తయ్య, మావయ్య, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం, అద్దె మినీవ్యాన్. దారిలో అరిజోనాలో సెలిగ్‌మన్ అనే ఊరుంది, అక్కడ ఆగకపోతే రూట్ 66 అనే పాత హైవే చూసినట్టే కాదని కొందరంటున్నారు. టూర్ బస్సులో వెళ్ళొచ్చిన వాళ్ళేమో టీషర్టులు, ఫ్రిజ్ అయస్కాంతాలు తప్ప ఏమీ లేదంటున్నారు. పెద్దవాళ్ళతో, శాకాహారంతో, పిల్లలతో అక్కడ టైమ్ పెట్టడం దండగా? పాత రోడ్డు మీద మినీవ్యాన్ వెళ్తుందా? ఒక రాత్రి ఉండొచ్చా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ఓరుగల్లు_పోరడు
ఏం లేదక్కా. ఒక్కటే వీధి, అటూ ఇటూ గిఫ్ట్ షాపులు, తుప్పు పట్టిన కార్లు, వాటిల కూసున్న బొమ్మలు. ఐ-40 ఫ్రీవే మీద నుంచి సక్కగ పోతే గంట మిగుల్తది. ఆ గంట క్యాన్యన్‌ల పెట్టుకోండి.

పాతరోడ్డు
గంట మిగలదు, అరగంట మిగులుతుంది. కింగ్‌మన్ నుంచి సెలిగ్‌మన్‌కి ఐ-40 మీద 70 మైళ్ళు, పాత 66 మీద 87. వేగ పరిమితి తక్కువ కాబట్టి ఎక్కడా ఆగకుండా వెళ్తే గంటా ముప్పావు లోపు.

టూర్ బస్సుల వాళ్ళకి ఏమీ కనబడకపోవడానికి కారణం వాళ్ళు వచ్చే దారే. ఐ-40 దిగి, ఊళ్ళో ఆపి, మళ్ళీ ఐ-40 ఎక్కేస్తారు. అసలు చూడాల్సిన రోడ్డు మీద టైరు కూడా పెట్టరు. ఆ 87 మైళ్ళ రోడ్డు మీదుగా వచ్చి సెలిగ్‌మన్‌లో దిగితేనే ఊరు అర్థమవుతుంది. ఉత్త ఊరు ఒక్కటే చూస్తే పోరడు గారు చెప్పింది తప్పు కాదు.

చాండ్లర్_చక్రి
పై మాటకి నా ఓటు. ఇంకోటి, ఆష్‌ఫోర్క్ దగ్గరి క్రుక్‌టన్ రోడ్ నుంచి కాలిఫోర్నియా సరిహద్దులో టోపాక్ దాకా తెగకుండా 158 మైళ్ళ పాత 66 ఉంది. మొత్తం రూట్‌లో ఇంత పొడుగ్గా మిగిలిన ముక్క ఇంకెక్కడా లేదు. మిగతా రాష్ట్రాల్లో చాలాచోట్ల ఐదు మైళ్ళు పాత రోడ్డు, పది మైళ్ళు ఫ్రీవే, మళ్ళీ మూడు మైళ్ళు పాత రోడ్డు.

జోలియెట్_జ్యోతి
మా ఇల్లినాయ్ వైపు వాళ్ళు ఒప్పుకోరు 🙂 షికాగో నుంచి ఐ-55 మీద 100 మైళ్ళు వస్తే పాంటియాక్. పాత సిటీ హాల్‌కి, ఫైర్ స్టేషన్‌కి వాడిన భవనంలో రూట్ 66 మ్యూజియం, ఊరంతా గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు, అన్నీ నడిచే దూరంలోనే. పెద్దవాళ్ళకి అరిజోనా ఎండ కన్నా ఇదే నయం.

ఓరుగల్లు_పోరడు
జ్యోతక్కా, ఆమె వేగస్ నుంచి క్యాన్యన్ పోతున్నది, నువ్వు షికాగో రమ్మంటున్నవ్.

జోలియెట్_జ్యోతి
తరవాతి సెలవులకి చెబుతున్నానయ్యా.

ఫ్రీమాంట్_వాణి
పాతరోడ్డు గారూ, "ఊరు అర్థమవుతుంది" అన్నారు కదా, అందులో అర్థం చేసుకోవాల్సింది ఏముంది? మావయ్య రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, కారెక్కగానే అడుగుతారు.

పాతరోడ్డు
అయితే ఆయనకి బాగా నచ్చుతుంది.

రూట్ 66 నంబరు 1926 నవంబర్ 11న వచ్చింది. షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ వైపు, ఎనిమిది రాష్ట్రాలు, సుమారు 2,400 మైళ్ళు. మొదట్లో చాలాభాగం మట్టి, కంకర. రోడ్డంతా తారో, కాంక్రీటో పడేసరికి 1938. 1930లలో ఓక్లహోమా, టెక్సస్ చుట్టుపక్కల కరువొచ్చి నేల దుమ్మై ఎగిరిపోతే, లక్షల మంది కాలిఫోర్నియా వలస పోయింది ఎక్కువగా ఈ రోడ్డు మీదే.

సెలిగ్‌మన్ అంతకంటే పాతది, రైలు పెట్టిన ఊరు. 1970ల చివరిదాకా ఊరికి రెండు ఆధారాలు: రైల్వే, రోడ్డు. 1978 సెప్టెంబర్ 22న ఐ-40 ముక్క తెరిచారు. అది ఊరి పక్కనుంచే, దాదాపు ఆనుకునే పోతుంది. కానీ ఆ మధ్యాహ్నంతో ఊళ్ళో కార్లు ఆగిపోయాయి. తరవాత 1985లో రైల్వే కూడా ఇక్కడ సిబ్బందిని మార్చడం మానేసింది. అదే ఏడాది జూన్‌లో రూట్ 66 నంబరునే దేశం మొత్తం మీద రద్దు చేశారు. ఏడేళ్ళలో మూడు దెబ్బలు.

అప్పుడు నిలబడింది ఊరి మంగలి ఏంజెల్ డెల్గాడిల్లో. 1927లో అదే ఊళ్ళో పుట్టిన మనిషి. 1987 ఫిబ్రవరిలో ఊరివాళ్ళనీ, చుట్టుపక్కల వాళ్ళనీ కూడగట్టి అరిజోనా హిస్టారిక్ రూట్ 66 అసోసియేషన్ పెట్టాడు. రాష్ట్రం మీద ఒత్తిడి తెచ్చాడు. ఆ ఏడాది నవంబర్‌కల్లా సెలిగ్‌మన్–కింగ్‌మన్ ముక్కకి చారిత్రక రహదారి హోదా వచ్చింది. మిగతా రాష్ట్రాల అసోసియేషన్లు ఈ నమూనా చూసి పుట్టినవే. అక్కడ మనం కొనే అయస్కాంతం వెనక ఇంత పోరాటం ఉంది. ఆ షాపుల్ని నేను చిన్నచూపు చూడలేను, ఊరు బతికింది వాటితోనే.

పట్టాలబండి
రైల్వే సంగతి కొంచెం కలుపుతా. ఊరు ప్రెస్కాట్ జంక్షన్ అనే పేరుతో మొదలైంది, తరవాత న్యూయార్క్ బ్యాంకర్లయిన సెలిగ్‌మన్ సోదరుల పేరు దానికి పెట్టారు.

పాత రోడ్డు ఉత్తరానికి వంపు తిరిగి ఎందుకు పోతుందో మావయ్యగారికి చెప్పండి. ఆవిరి ఇంజన్లకి నీళ్ళు కావాలి. పీచ్ స్ప్రింగ్స్, ట్రక్స్‌టన్ దగ్గర ఊటలున్నాయి కాబట్టి పట్టాలు అటు పోయాయి, పట్టాల వెంట రోడ్డు పోయింది. అంతకు ముందు 1857లో ఎడ్వర్డ్ బీల్ బండ్ల బాట కోసం ఈ ప్రాంతాన్ని సర్వే చేసింది కూడా నీళ్ళు చూసుకునే. ఆయన వెంట సామాను మోసింది ఒంటెలు! సైన్యం వాటిని మధ్యధరా దేశాల నుంచి ఓడల్లో తెప్పించింది. ఐ-40 కట్టేనాటికి నీళ్ళతో పనిలేదు, అందుకే అది అడ్డంగా కోసుకుపోయింది.

ఓరుగల్లు_పోరడు
ఒంటెల ముచ్చట నాకు తెల్వదు. మంచిగ చెప్పినవ్ అన్నా.

చాండ్లర్_చక్రి
ఇక దారి. ఇక్కడే ఎక్కువమంది తప్పిపోతారు.

వేగస్ నుంచి యూఎస్ 93 మీద హూవర్ డ్యామ్ పక్క వంతెన దాటి కింగ్‌మన్ 105 మైళ్ళు. కింగ్‌మన్‌లో ఐ-40 ఎక్కకండి. పాత ఊళ్ళోకి వెళ్ళండి, పవర్‌హౌస్ అనే పాత కరెంటు స్టేషన్ భవనంలో అరిజోనా రూట్ 66 మ్యూజియం ఉంది. అక్కడినుంచి ఆండీ డివైన్ అవెన్యూ పట్టుకుని ఈశాన్యంగా పోతే ఐ-40ని ఎగ్జిట్ 53 దగ్గర దాటుతారు. అదే రోడ్డు స్టేట్ 66 అవుతుంది, ఇక మలుపులేవీ లేవు.

ఫోన్‌లో సెలిగ్‌మన్ అని కొడితే ఐ-40 ఎక్కించేస్తుంది. మధ్యలో హ్యాక్‌బెర్రీ జనరల్ స్టోర్, పీచ్ స్ప్రింగ్స్ రెండిటినీ స్టాపులుగా పెట్టండి. "హైవేలు వద్దు" సెట్టింగ్ మాత్రం పెట్టకండి, వేగస్ నుంచి 93 కూడా తీసేసి మట్టిరోడ్లు చూపిస్తుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, హ్యాక్‌బెర్రీ దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. పీచ్ స్ప్రింగ్స్ వాలపాయ్ తెగ వారి ముఖ్యపట్టణం. గాజు వంతెన స్కైవాక్ కూడా ఆ తెగదే. దాంతో "ఎలాగూ పీచ్ స్ప్రింగ్స్ వెళ్తున్నాం కదా, స్కైవాక్ చూసేద్దాం" అనుకుంటారు. అక్కడినుంచి అటు పోయేది మట్టిరోడ్డు, అద్దె కారుతో పోకూడదు. స్కైవాక్‌కి తారురోడ్డు 93 మీద డోలన్ స్ప్రింగ్స్ వైపు నుంచే. సౌత్ రిమ్, స్కైవాక్ రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

ఫ్రీమాంట్_వాణి
అమ్మో, స్కైవాక్ అదే రోజు మా లిస్టులో ఉంది. తీసేస్తున్నా.

సీమ_సుబ్బడు
మినీవ్యాన్ గురించి అడిగినారు. కింగ్‌మన్–సెలిగ్‌మన్ రోడ్డుకి ఏమీ భయం లేదు, రెండు లేన్ల మంచి తారురోడ్డు. పీచ్ స్ప్రింగ్స్ ఊళ్ళో వేగం బాగా తగ్గించాల, బోర్డు కనపడిన చోటే తగ్గించండి.

పెట్రోల్ కింగ్‌మన్‌లో నింపుకోండి. సెలిగ్‌మన్‌లో దొరుకుతుంది గానీ ధర ఎక్కువ. ఈవీ వాళ్ళు కింగ్‌మన్ 3,300 అడుగులు, సెలిగ్‌మన్ 5,200 అడుగులు అని గుర్తు పెట్టుకోవాల. రెండు టన్నుల బండిని ఆ ఎత్తు ఎక్కించేదానికే దూరం ఖర్చు కాకుండా 3 యూనిట్ల పైన పోతుంది. ఎదురుగాలి ఉంటే ఇంకా పోతుంది. అటునుంచి ఇటు దిగితే లెక్క తిరగబడుతుంది.

చాండ్లర్_చక్రి
సుబ్బన్నా, ఓట్‌మన్ గురించి కూడా చెప్పేయ్. ఎవరో ఒకరు "గాడిదల ఊరు కూడా చూసి రండి" అంటారు.

సీమ_సుబ్బడు
అది కింగ్‌మన్‌కి ఇంకో పక్క, నైరుతి దిక్కు, 28 మైళ్ళు. సిట్‌గ్రీవ్స్ పాస్ అనే కనుమ ఎక్కి దిగాల. హెయిర్‌పిన్ మలుపులు, చాలాచోట్ల పక్కన రెయిలింగ్ ఉండదు. 40 అడుగులు దాటిన బండ్లకి ఆ దారి వద్దని బోర్డులే ఉన్నాయి. మినీవ్యాన్ పోతుంది. అయితే దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి దిగకూడదు, వేడెక్కి పట్టు తప్పుతుంది. లో గేర్ వేసి ఇంజనుతోనే ఆపుకుంటా దిగాల. వెనక సీట్లో పిల్లలకి వాంతులు గ్యారంటీ.

1952 దాకా అసలు రూట్ 66 అదే. ఆ కాలం ఫోర్డ్ మోడల్ టీ బండ్లు కొన్ని ఆ కనుమ వెనక్కి, అంటే రివర్స్ గేర్‌లో ఎక్కేవంట. కారణం ఉంది. ఆ బండికి పెట్రోల్ పంపు లేదు, సీటు కింద ట్యాంకు నుంచి పెట్రోల్ వాలుకి కార్బురేటర్‌లోకి జారాల. బండి ముక్కు పైకి లేస్తే ట్యాంకు కిందికి పోయి పెట్రోల్ అందదు. వెనక్కి తిప్పితే ట్యాంకు పైకొస్తుంది. పైగా రివర్స్ గేర్‌కి లాగే బలం ఎక్కువ.

పాతరోడ్డు
ఓట్‌మన్ గాడిదలు పాత బంగారు గనుల వాళ్ళు వదిలేసిన వాటి సంతతి. 1971 చట్టం కింద వాటికి రక్షణ ఉంది. పిల్లల చేతికి తిండి ఇచ్చి దగ్గరికి పంపకండి, కరుస్తాయి, తంతాయి. నుదుటి మీద స్టిక్కర్ అంటించిన పిల్ల గాడిదలకి అసలేమీ పెట్టకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. ఏమైనా వాణి గారి ప్రయాణంలో ఇది ఇమడదు. వదిలేయండి.

గోదారి_గట్టు
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ! శాకాహారులకి ఆ దారిలో చిక్కంతా కనబడని మాంసంతోనే.

మెక్సికన్ వంటల్లో రిఫ్రైడ్ బీన్స్ చాలాచోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు. ఎర్రన్నం కోడి ఉడికించిన నీళ్ళతో వండుతారు. ఫ్రెంచ్ ఫ్రైస్ చికెన్ వేగిన నూనెలోనే వేగుతాయి. పై అనే తీపి వంటకం పైపొరలో కూడా పంది కొవ్వు పడొచ్చు. మార్ష్‌మెల్లోలో జెలటిన్. "వెజిటేరియన్నా?" అని అడిగితే మాంసం ముక్కలు లేవన్న అర్థంలో అవునంటారు, అందుచేత ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి: బీన్స్‌లో లార్డ్ ఉందా, రైస్‌లో చికెన్ బ్రాత్ ఉందా, ఫ్రైస్‌కి వేరే నూనె ఉందా అని.

చాలావరకు నిశ్చింతగా తినగలిగేవి గ్రిల్డ్ చీజ్, ఉల్లిపాయ టొమాటోలతో చీజ్ కేసడియా, బేక్డ్ పొటాటో, మాల్ట్, మిల్క్‌షేక్. సెలిగ్‌మన్‌లో వెస్ట్‌సైడ్ లైలోస్ అనే హోటల్లో కారట్ కేకు పేరున్నదండీ, గుడ్డు తినేవాళ్ళయితే వదలొద్దు.

ఓరుగల్లు_పోరడు
రోడ్‌కిల్ కెఫే అనే బోర్డు చూసి పెద్దోళ్ళు బెదిరిపోతరేమో, ముందే చెప్పి తీస్కపోండి. రోడ్డు మీద సచ్చిన జంతువుల పేర్లు మెనూల రాసిండ్రు గని, అవి ఉత్త పేర్లే. లోపల మామూలు బర్గర్లు, స్టేకులే.

పాతరోడ్డు
తిండి మాటొచ్చింది కాబట్టి సెలిగ్‌మన్‌లో స్నో క్యాప్ అనే తిండి కొట్టు గురించి. ఏంజెల్ అన్న హువాన్ డెల్గాడిల్లో 1953లో కట్టాడు. తను పనిచేసే శాంటా ఫే రైల్వే యార్డులో పారేసిన కలప తెచ్చుకుని కట్టిన కొట్టు. ఎదుట పైకప్పు కోసేసిన 1936 షెవర్లే ఉంటుంది. తలుపుకి రెండు వైపులా పిడులుంటాయి, ఒకటే నిజమైనది. మస్టర్డ్ సాస్ సీసా మన మీదికి నొక్కితే పసుపుపచ్చ దారం ఎగిరి పడుతుంది. బోర్డు మీద "క్షమించండి, తెరిచే ఉన్నాం" అని. కార్లు రాని ఊళ్ళో, వచ్చిన ఒక్క కారువాడినీ నవ్వించి పంపితే వాడు ఇంకో పదిమందికి చెబుతాడని ఆయన నమ్మకం. 2004లో పోయాడు, పిల్లలు అదే తీరు నడుపుతున్నారు. చలికాలంలో మూసేస్తారు, అక్టోబర్ మధ్యకి తెరిచే ఉండాలి, అయినా ముందురోజు చూసుకోండి. నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి.

ఫ్రీమాంట్_వాణి
పిల్లల్ని ఆ తలుపు దగ్గర ముందు పంపుతా 😀 గోదారి గట్టు గారూ, ప్రయాణానికి చిన్న రైస్ కుక్కర్ తెస్తున్నాం. మోటల్లో వండుకోవచ్చా?

గోదారి_గట్టు
గదిలో వంట వద్దనే మోటళ్ళు ఎక్కువండీ, బుక్ చేసేటప్పుడే అడగండి. మైక్రోవేవ్ ఉన్న గది తీసుకోండి. ఒకవేళ ఒప్పుకుంటే, ఎత్తు సంగతి మరిచిపోవద్దు. 5,200 అడుగుల మీద నీళ్ళు 95 డిగ్రీల లోపే మరిగిపోతాయి, సౌత్ రిమ్ దగ్గర 7,000 అడుగులు, ఇంకా తక్కువ. మామూలు కొలతతో పెడితే నీళ్ళన్నీ ఆవిరైపోయి బియ్యం గింజ నడుమ పలుకుండిపోతుంది. బియ్యం అరగంట నానబెట్టి, గ్లాసుకి పావు గ్లాసు నీళ్ళు ఎక్కువ పోయండి. కుక్కర్ ఆగాక పది నిమిషాలు మూత తీయొద్దు. కందిపప్పు మాత్రం ప్రెజర్ లేకుండా అక్కడ ఉడకాలంటే చాలాసేపు పడుతుంది, ఆ ఆశ పెట్టుకోకండి.

వేగస్‌లో బయల్దేరే ముందు పులిహోర కలిపేసుకోవడం మేలు. నిమ్మకాయది కాదు, చింతపండుది, పోపులో నూనె కాస్త ధారాళంగా. పెరుగన్నం ఐస్ పెట్టెలోనే.

పట్టాలబండి
రాత్రి ఉండే ఆలోచన ఉంటే నా మాట వినండి. శాంటా ఫే ఇప్పుడు బీఎన్ఎస్ఎఫ్, లాస్ ఏంజెలెస్ రేవు నుంచి షికాగో వైపు కంటైనర్లు మోసే ముఖ్య లైను ఇదే. రాత్రంతా గూడ్సు బళ్ళు పోతూనే ఉంటాయి, క్రాసింగ్ దగ్గర హారన్ కొడతాయి. మోటల్ గది పట్టాలకి దూరంగా అవతలి వైపున, కింది అంతస్తులో అడగండి. చెవుల్లో పెట్టుకునే మెత్తటి ప్లగ్గులు తెచ్చుకోండి. మైలు పొడుగు గూడ్సు మీద డబుల్ డెక్ కంటైనర్లు చూడటం పిల్లలకి ఎలాగూ పండగే.

ఓరుగల్లు_పోరడు
పెద్దోళ్ళకు నిద్ర లేకపోతే తెల్లారి క్యాన్యన్‌ల ఏం నడుస్తరు? విలియమ్స్‌ల ఉండుడు బెటర్.

చాండ్లర్_చక్రి
ఈ విషయంలో పోరడు గారితోనే ఉంటా. విలియమ్స్ కూడా రూట్ 66 ఊరే. ఐ-40 పక్కకి తోసేసిన ఆఖరి ఊరు అది, 1984 అక్టోబర్ 13న. హోటళ్ళు ఎక్కువ, సౌత్ రిమ్‌కి 60 మైళ్ళే. పిల్లలకి 1901 నాటి లైను మీద, 1989లో మళ్ళీ మొదలైన గ్రాండ్ క్యాన్యన్ రైలు కూడా అక్కడినుంచే.

పాతరోడ్డు
నేను ఒప్పుకోను. సెలిగ్‌మన్ బస్సుల ఊరు పగటిపూట. సాయంత్రం బస్సులు వెళ్ళిపోయాక వీధి ఖాళీ, సుపాయ్ మోటల్ లాంటి పాత నియాన్ బోర్డులు వెలుగుతాయి, రోడ్డు మధ్యలో వేసిన 66 గుర్తు దగ్గర తోసుకోకుండా ఫోటో తీసుకోవచ్చు (అయినా అది నడిచే రోడ్డే, ఒకళ్ళు కాపలా ఉండాలి). విలియమ్స్‌లో ఆ ప్రశాంతత రాదు. మే మొదటి వారాంతంలో మాత్రం సెలిగ్‌మన్‌లో గది అడగొద్దు, పాత కార్ల ఫన్ రన్ అప్పుడే. 1988 నుంచి జరుగుతోంది, నెలల ముందే నిండిపోతాయి.

గోదారి_గట్టు
ఆ మోటళ్ళ గురించి ఇంకో మాట. ఈ రోడ్డు పొడుగునా చాలా మోటళ్ళు గుజరాతీ పటేళ్ళవి. 1970, 80లలో నష్టాల్లో ఉన్నవాటిని కొనుక్కుని, కుటుంబమంతా వెనకగదిలో ఉంటూ నిలబెట్టారు. అప్పట్లో పక్క మోటళ్ళవాళ్ళు "అమెరికన్ ఓన్డ్" అని బోర్డులు పెట్టేవారు, అంటే వీళ్ళ దగ్గర దిగొద్దని. పాత రోజులు అంత అందమైనవేం కావండీ.

జోలియెట్_జ్యోతి
దానికి ముందు నల్లజాతి ప్రయాణికుల సంగతి ఇంకా ఘోరం. 66 మీద చాలా ఊళ్ళల్లో పొద్దుగూకాక వాళ్ళు ఉండకూడదు. ఎక్కడ గది ఇస్తారు, ఎక్కడ పెట్రోల్ పోస్తారు అని చెప్పే గ్రీన్ బుక్ 1936 నుంచి 60ల దాకా అచ్చయింది, అది లేకుండా వాళ్ళు బయల్దేరేవారు కాదు. పాంటియాక్ లాంటి చోట్ల గోడల మీది రంగుల బొమ్మల్లో ఇది పెద్దగా కనబడదు.

పాతరోడ్డు
మీరిద్దరూ చెప్పింది మావయ్యగారికి కచ్చితంగా చెప్పాల్సింది. పీచ్ స్ప్రింగ్స్‌లో కూడా ఇదే వర్తిస్తుంది. 66 వాలపాయ్‌ల నేల మీదుగా పోయింది, ఐ-40 వచ్చాక వాళ్ళ వ్యాపారం కూడా పడిపోయింది, కానీ ఫోటోలకి అందరూ సెలిగ్‌మన్‌లోనే ఆగుతారు. అక్కడ వాలపాయ్ లాడ్జ్‌లో వీలైతే ఏదైనా తినండి, డబ్బు వాళ్ళకి చేరుతుంది. డ్రోన్ ఎగరేయొద్దు. కొలరాడో నది దాకా కారు దిగే డైమండ్ క్రీక్ రోడ్డు అక్కడినుంచే, తెగ అనుమతి పత్రం కావాలి, మినీవ్యాన్‌కి పనికిరాదు.

ఫ్రీమాంట్_వాణి
గ్రాండ్ క్యాన్యన్ కావెర్న్స్ అని దారిలో ఒక గుహ చూపిస్తోంది. పిల్లలు అడుగుతున్నారు.

చాండ్లర్_చక్రి
భూమికి 200 అడుగుల లోతున పొడి గుహ, దిగేది లిఫ్ట్‌లో. 2022 అక్టోబర్‌లో ఆ లిఫ్ట్ చెడిపోయి ఐదుగురు ఒకరోజు పైన కిందే ఉండిపోయారు, రక్షణ దళాలు పైకి లాగాయి. లిఫ్ట్ పనిచేయకపోతే మెట్లే దిక్కు, ఇరవై అంతస్తుల ఎత్తు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని దింపొద్దు. పిల్లల కోసమైతే ఫోన్ చేసి తెరిచి ఉందో కనుక్కుని వెళ్ళండి.

పిల్లలకి దారిలో ఉచిత వినోదం బర్మా షేవ్ బోర్డులు. గడ్డం క్రీము ప్రకటనలకి పాతకాలంలో పెట్టినట్టు వరుసగా ఐదారు చిన్న బోర్డులు, ఒక్కోదాని మీద పద్యం ముక్క, ఆఖరిదాని మీద క్రీము పేరు. ఎటు పోయేవాళ్ళకి అటు వేరే వరుస. ఒకళ్ళు గట్టిగా చదవాలి, డ్రైవర్ చదవకూడదు.

పాతరోడ్డు
వాణి గారి రోజు ఇలా వేస్తాను. అక్టోబర్‌లో నెవాడా, అరిజోనా గడియారాలు ఒకటే. నవంబర్ మొదట్లో నెవాడా గంట వెనక్కి జరుగుతుంది, అరిజోనా జరగదు, చలికాలంలో వెళ్ళేవాళ్ళు ఒక గంట పోగొట్టుకుంటారు.

వేగస్‌లో 7కి బయల్దేరితే 9కి కింగ్‌మన్. పవర్‌హౌస్‌లో గంట. 10:30కి హ్యాక్‌బెర్రీ స్టోర్, పాత పెట్రోల్ పంపులు, ఎర్ర కార్వెట్, ఇరవై నిమిషాలు చాలు. పీచ్ స్ప్రింగ్స్‌లో 1929 నాటి ఓస్టర్‌మన్ పెట్రోల్ బంకు బయటినుంచి చూసి, 12:15కి సెలిగ్‌మన్. భోజనం, ఏంజెల్ షాపు (మంగలి కుర్చీ అందులోనే ఉంది), స్నో క్యాప్, వీధి చివరిదాకా నడక. 2:30కి కదలాలి. ఐ-40 ఎక్కకుండా క్రుక్‌టన్ రోడ్ మీద 18 మైళ్ళు పోయి ఎగ్జిట్ 139 దగ్గర ఎక్కండి. 4:45 లోపు సౌత్ రిమ్. ఆ వారంలో పొద్దుగూకేది ఇంచుమించు 5:55కి.

పట్టాలబండి
క్రుక్‌టన్ రోడ్ మీద రైలు పట్టాలు దాటే వంతెన దగ్గర ఒక్క నిమిషం చూడండి. 1960లో రైల్వే విలియమ్స్ నుంచి అక్కడిదాకా కొత్త లైను వేసి ఆష్‌ఫోర్క్‌ని పక్కన పెట్టేసింది. తరవాత ఐ-40 కూడా ఆ ఊరిని పక్కన పెట్టింది. సెలిగ్‌మన్‌కి ఏంజెల్ దొరికాడు, ఆష్‌ఫోర్క్‌కి అలాంటివాడు దొరకలేదు. రెండూ పాతిక మైళ్ళ దూరంలో ఉన్నాయి, చూస్తే తేడా తెలుస్తుంది.

ఓరుగల్లు_పోరడు
ఇట్ల పోతే మంచిగనే ఉంటదనిపిస్తున్నది. టూర్ బస్సుల పోయినోళ్ళకు ఇదంతా ఎవరు చెప్తరు!

ఫ్రీమాంట్_వాణి
ఖాయం చేశాం. పాత రోడ్డు మీదే వెళ్తాం, రాత్రి విలియమ్స్‌లో. పాతరోడ్డు గారు ఏమీ అనుకోవద్దు, మావయ్యకి నిద్ర ముఖ్యం. ఇంకేమైనా మరిచిపోయానా?

సీమ_సుబ్బడు
స్పేర్ టైరు. అద్దె మినీవ్యాన్లలో చాలావాటికి స్పేర్ ఉండదు, గాలి కొట్టే చిన్న మోటరు, ఒక జిగురు సీసా ఇస్తారు. ట్రెడ్‌లో మేకు దిగితే ఆ జిగురు పనిచేస్తుంది, టైరు పక్కగోడ చీలితే పనిచేయదు. రోడ్డు అంచు దిగితే పదును కంకర ఉంటుంది, ఫోటోలకని అంచు మీద ఆపొద్దు, గేటు ముందరో, బండ్లు ఆపేదానికి వదిలిన జాగాలోనో (టర్నౌట్) ఆపండి. వేగస్‌లో తాళం తీసుకునే ముందే వెనక డిక్కీ చాప ఎత్తి చూడండి, స్పేర్ ఉన్న బండి ఉంటే మార్చి ఇమ్మని అడగండి. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు.

గోదారి_గట్టు
ఆవకాయ సీసా ఎత్తు మీద మూత తీస్తే గాలి ఉబ్బి నూనె చిమ్ముతుందండీ. సింకు మీద పెట్టి తీయండి.